మా ఊరి వార్త యాడుందప్పా?

1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టాక తెలుగునాట వార్త కొలతే మారిపోయింది. రాజధానిలో మంత్రిగారి ప్రసంగం కన్నా మండలంలో ఎండిపోయిన బోరు, ఆగిపోయిన పల్లెవెలుగు బస్సు, కాలువకు పడిన గండి ముందు వరుసలోకి వచ్చాయి. భారతీయ భాషా పత్రికల విస్తరణ మీద 2000లో పుస్తకం తెచ్చిన రాబిన్ జెఫ్రీ ఈ జిల్లా పేజీల ప్రయోగాన్ని ప్రత్యేకంగా పట్టించుకున్నాడు. 2008 మార్చిలో సాక్షి ఒకేసారి 23 ఎడిషన్లతో దిగడమూ ఆ దారిలోనే. టాబ్లాయిడ్ చేతికొచ్చిన ఆదోని పాఠకుడు మొదటి పేజీ మీద ఓ చూపు పడేసి, నేరుగా తన ప్రాంతం పేజీకి పోయేవాడు. ఆ పేజీ ఎన్నోదో అతని వేళ్లకు తెలుసు.

ఆ వార్తంతా ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది. వేళ్లకు ఉన్న తెలివిడి మాత్రం రాలేదు. ఏ స్థానిక వార్తా సైటైనా ఫోన్లో తెరిచి చూడండి. ముందు నోటిఫికేషన్లు పంపమంటారా అని ఇంగ్లీషులో ఒక పెట్టె. దాన్ని తోసేస్తే ‘యాప్‌లో చదవండి’ అని ఇంకొకటి. ఆ కింద సినిమా, క్రికెట్, రాశిఫలాలు. జిల్లా పేరు కావాలంటే మూలనున్న మూడు గీతలు నొక్కాలి. అందులో ఆంధ్రప్రదేశ్, అందులో జిల్లాలు, అందులో కర్నూలు. తీరా అక్కడికి చేరితే నిన్నటి ప్రెస్‌మీట్. సుంకేసుల నుంచి నీళ్లెన్ని వదిలారో తెలుసుకుందామని ఫోన్ తీసిన రైతు ఈ దారిలో ఎక్కడ ఆగిపోయాడో సైటు నడిపేవాళ్లకు తెలిసే అవకాశం ఉందా? ఈ సమీక్ష అడిగే ప్రశ్న అదే.

తెలుసుకునే పద్ధతి ఉంది. పాఠకుడి చేతికి ఫోనిచ్చి, ఒక పని చెప్పి, పక్కన కూర్చుని, నోరు మెదపకుండా చూడటం. పరిశ్రమలో దీన్ని యూజబిలిటీ టెస్టింగ్ అంటారు. మనం వాడుక పరీక్ష అందాం. 1998లో వచ్చి 2018లో సవరణ పొందిన ఐఎస్ఓ 9241-11 ప్రమాణం ఇందులో మూడు సంగతులు చూడమంటుంది: అనుకున్న పని అయిందా, అందుకు ఎంత శ్రమ పట్టింది, వాడినవాడికి తృప్తి కలిగిందా. స్థానిక వార్తల వరకు నా తూకం మొదటిదానికే. కావలసిన కబురు దొరకనివాడికి రంగులు నచ్చాయా లేదా అని అడగడం దండగ.

మన డెస్కుల్లో ప్రస్తుతం నడుస్తున్న కొలమానం వేరు. ఏ వార్తకు ఎన్ని వ్యూస్, ఏ రిపోర్టర్‌కు ఎన్ని క్లిక్కులు. ఈ లెక్కకు ఒక పుట్టు లోపం ఉంది. దారి తప్పి తిరిగినవాడినీ అది ఆసక్తిగల పాఠకుడిగానే జమ వేస్తుంది. ఒక్క ముక్కలో చెప్పాల్సిన కబురును పది ఫొటోల గ్యాలరీ చేస్తే వ్యూస్ పదింతలవుతాయి, పాఠకుడి విసుగు ఎక్కడా నమోదు కాదు. ‘షాకింగ్’ అని హెడ్డింగ్ పెట్టి ఊరి పేరు దాచేస్తే క్లిక్కు పెరుగుతుంది. అది మన ఊరు కాదని లోపలికెళ్లాక తెలిసి వెనక్కి వచ్చినవాడూ ఆ అంకెలో ఉంటాడు. అంకె ఏం జరిగిందో చెబుతుంది, ఎందుకు జరిగిందో చూసినవాడే చెప్పాలి.

ఎంతమందిని కూర్చోబెట్టి చూడాలన్నది ఈ రంగంలో పాత తగాదా. 1993లో జేకబ్ నీల్సన్, టామ్ లాండవర్ ఒక గణిత నమూనా ఇచ్చారు. ఒక్కో మనిషి సగటున 31 శాతం లోపాలను బయటపెడతాడు, అయిదుగురితో దాదాపు 85 శాతం బయటపడతాయి. 2000లో నీల్సన్ దాన్ని ‘అయిదుగురు చాలు’ అనే స్థాయికి తెచ్చాడు. చిన్న సంస్థలకు ఇది ప్రాణం లేచి వచ్చిన మాట. మరుసటి ఏడాదే జారెడ్ స్పూల్, విల్ ష్రోడర్ పెద్ద వెబ్‌సైట్లకు అయిదుగురు ఏ మూలకూ చాలరని అడ్డుతగిలారు. 2003లో లారా ఫాక్‌నర్ అరవైమంది మీద పరీక్ష చేసి, అందులోంచి అయిదుగురేసి గుంపులు తీసి చూసింది. సగటు 85 శాతం దగ్గరే వచ్చింది. కానీ ఒక గుంపు దాదాపు అన్ని లోపాలూ పట్టుకుంటే, ఇంకో గుంపుకు 55 శాతమే చిక్కాయి. అంటే ఎవరు దొరికారన్నదాన్ని బట్టి ఫలితం. అంతకన్నా ఇబ్బంది పెట్టే సంగతి రోల్ఫ్ మోలిక్ నడిపిన పోలిక పరీక్షల్లో బయటపడింది. తొమ్మిది బృందాలు ఒకే హాట్‌మెయిల్‌ను పరీక్షించి మొత్తం 310 లోపాలు రాసిస్తే, వాటిలో మూడొంతులు ఒక్కో బృందానికి మాత్రమే కనిపించినవి.

దీన్ని చూసి చేతులెత్తేయక్కర్లేదు. వాడుక పరీక్ష ఎన్నికల లెక్కింపు కాదు, లోపాలు ఏరే పని. అయిదుగురిలో నలుగురు ‘జిల్లాలు’ అన్న మాట కనబడక తడుముకుంటే ఆరోవాడి కోసం ఆగనవసరం లేదు. అయితే ఆ అయిదుగురూ కర్నూలు ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్లే అయితే ఫాక్‌నర్ చెప్పిన 55 శాతం గుంపు మనదే కావచ్చు. అయిదుగురిని ఒకసారి చూసి, సరిదిద్ది, వేరే రకం అయిదుగురిని మళ్లీ చూడటమే మన ఖర్చుకు సరిపోయే దారి.

సంఖ్య కన్నా పెద్ద చిక్కు మొహమాటం. ఇక్కడ విదేశీ పాఠ్యపుస్తకాలు మనకు సగం దూరమే తోడొస్తాయి. 1982లో ఐబీఎంలో క్లేటన్ లూయిస్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ప్రకారం, వాడే మనిషి మనసులో అనుకున్నదంతా పైకి అంటూ పోవాలి. పరాయి మనిషి ముందు ఒంటరిగా కూర్చుని తనలో తాను మాట్లాడుకోమంటే మన పెద్దవాళ్లు మనవైపు అనుమానంగా చూస్తారు. ‘ఎట్లుంది పెద్దాయనా?’ అంటే ‘బాగుంది సార్’ అంటారు. ఆ బాగుంది సైటుకు కాదు, ఇంతదూరం వచ్చిన మనకు.

ఈ మర్యాదకు కొలత కూడా ఉంది. 2012లో నికోలా డెల్, ఆమె సహచరులు బెంగళూరులో ఆటో డ్రైవర్లు, కాలేజీ విద్యార్థులు కలిపి 450 మందితో ఒక ప్రయోగం చేశారు. రెండు నమూనాలు చూపించారు, నిజానికి రెండూ ఒకే సరుకు. ఒకటి మాత్రం ఎదురుగా ఉన్న పరిశోధకుడే తయారుచేశాడని చెప్పారు. జనం దాన్ని రెండున్నర రెట్లు ఎక్కువగా మెచ్చుకున్నారు. అడిగేది దుబాసీ సాయంతో మాట్లాడే విదేశీయుడైతే అయిదు రెట్లు. తయారుచేశాడన్నదాన్ని కావాలనే నాసిగా పెట్టినా అదే బాగుందన్నవాళ్లున్నారు. కాబట్టి పత్రిక గుర్తింపు కార్డు మెళ్లో వేసుకున్న విలేకరి వెళ్లి ‘మన సైటు ఎలా ఉందన్నా?’ అని అడిగి రాసుకొచ్చిన అభిప్రాయ సేకరణకు చిత్తు కాగితం విలువ ఉండదు. మండలంలో విలేకరి అంటే భయమో భక్తో రెండూనో ఉంటాయి గదా.

దీనికి విరుగుడు వెతికినవాళ్లలో అపలా లాహిరి చవాన్ చెప్పుకోదగ్గ మనిషి. ముంబైలో పరీక్షలు చేస్తూ ఆమె ‘బాలీవుడ్ పద్ధతి’ అని ఒకటి పెట్టింది. టికెట్ బుక్ చేసి చూపించండి అనకుండా ఒక కథ చెబుతుంది. మీ మేనకోడలి పెళ్లి కుదిరింది, పెళ్లికొడుకు కిరాయి హంతకుడని, ముందే పెళ్లయిందని మీకు ఇప్పుడే తెలిసింది, వెంటనే విమానమెక్కి పోయి పెళ్లి ఆపాలి, టికెట్ తీయండి. కథలో పడ్డ మనిషి మర్యాద మర్చిపోయి సైటును తిట్టడం మొదలుపెడతాడు. మనకు అంత మసాలా అక్కర్లేదు. ఇద్దరు స్నేహితులను ఒకే ఫోన్ ముందు కూర్చోబెట్టే పద్ధతి 1980ల నుంచే ఉంది. సీమ మనుషులకు అది అతికినట్టు సరిపోతుంది. ‘ఇది యాడికి పాయ మామా?’ అని ఒకడంటే, ‘అది వార్త కాదు, యాడు. కొట్టెయ్’ అని ఇంకొకడు సర్దుతాడు. మనం రాసుకోవలసింది ఆ మాటల్నే.

పని ఏమివ్వాలన్నది రెండో మెట్టు. ‘హోమ్ పేజీ చూడండి’ అన్నది పని కాదు. ఎవరూ హోమ్ పేజీ చూడటానికి ఫోన్ తీయరు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన లింకు నొక్కి నేరుగా వార్త నడిమధ్యలో దిగుతారు. పరీక్ష కూడా అక్కడి నుంచే మొదలు కావాలి. పనులు ఇక్కడి బతుకులోంచి రావాలి. ఇవాళ ఆదోని యార్డులో పత్తి గరిష్ఠ ధర ఎంత? పత్తికొండలో టమోటా పెట్టె ఎంత పలికింది? తుంగభద్ర ఎగువ కాలువకు నీళ్లు వదిలారా? ప్రొద్దుటూరులో రేపు కరెంటు ఎప్పుడు పోతుంది? కడప పెద్ద దర్గా ఉరుసుకు బస్సులెన్ని?

ఒక్క పనిని దగ్గరగా చూద్దాం. శ్రీశైలంలో నీటిమట్టం. పూర్తిమట్టం 885 అడుగులు. పోతిరెడ్డిపాడు నుంచి నీళ్లు పారే లెక్కలో 854 అడుగుల మాట సీమలో రాజకీయం తెలిసిన ప్రతి ఒక్కరి నోటా ఉంటుంది. అంటే పాఠకుడికి కావలసినవి మూడే ముక్కలు: ఇప్పుడెంత, నిన్నటికన్నా పెరిగిందా తగ్గిందా, ఈ అంకె ఏ పొద్దుటిది. మన వార్త ఎలా ఉంటుంది? ‘శ్రీశైలానికి పోటెత్తిన వరద’ అని హెడ్డింగ్, గేట్లెత్తిన పాత ఫొటో, నాలుగు వాక్యాల వర్ణన, మధ్యలో ఒక ప్రకటన, అయిదో పేరాలో మట్టం. తేదీ చిన్న బూడిదరంగు అక్షరాల్లో, టైము లేదు. పరీక్షకు కూర్చున్న మనిషి ఫొటోను చూసి గేట్లు ఇప్పుడే ఎత్తారని చెబితే తప్పు అతనిది కాదు. ఇక్కడ సరిచేయాల్సింది డిజైనర్ ఒక్కడే కాదు, సబ్ ఎడిటర్ కూడా. వార్తా సైట్ల పరీక్షలో తేలే లోపాల్లో చాలావాటికి మందు కోడ్‌లో కాక కాపీలోనే ఉంటుందని నా నమ్మకం.

ఇక దారి చూపే మెనూలు. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలు ఇరవై ఆరయినప్పుడు కర్నూలు నుంచి నంద్యాల, కడప నుంచి అన్నమయ్య విడివడ్డాయి. డోన్‌వాళ్లకు కర్నూలే దగ్గర, కానీ జిల్లా నంద్యాల. పాణ్యం నియోజకవర్గం కథ ఇంకా చిత్రం. కల్లూరు, ఓర్వకల్లు మండలాలు కర్నూలు జిల్లాలో, పాణ్యం, గడివేముల నంద్యాల జిల్లాలో. అక్కడి ఎమ్మెల్యే వార్త ఏ జిల్లా కింద పెట్టాలి? డెస్క్ తనకు తోచినట్టు పెడుతుంది, పాఠకుడు తనకు తోచినచోట వెతుకుతాడు. ఊళ్ల పేర్లు చీటీల మీద రాసిచ్చి, ‘ఇవి ఏ గుంపులో ఉంటే మీకు దొరుకుతాయి?’ అని సర్దించే పరీక్ష దీనికి చవకైన పరిష్కారం. కంప్యూటర్ కూడా అక్కర్లేదు. చదువు తక్కువ ఉన్నవాళ్లకు అంతస్తులంతస్తులుగా దిగే మెనూలు కొరుకుడుపడవని బెంగళూరు మైక్రోసాఫ్ట్ రీసెర్చ్‌లో ఇంద్రాణి మేధి, ఆమె సహచరులు 2013లో చూపించారు. ఒకే వరుసలో ఊళ్ల పేర్లు పొడుగ్గా ఉన్నా అదే మేలు. 2018లో మొదలైన లోకల్ యాప్ జిల్లాను ముందే పట్టుకుని, వార్తల పక్కనే ఉద్యోగాలు, అమ్మకాలు, కొనుగోళ్లు పెట్టడంలో ఈ తెలివి కనిపిస్తుంది. ‘వార్త’ అన్న గీత పాఠకుడు గీసుకున్నది కాదు గదా. మార్కెట్ ధర, ఉద్యోగ ప్రకటన, చావు కబురు అన్నీ అతనికి ఊరి కబుర్లే.

వెతుకుడు పెట్టె గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే చాలా సైట్లలో అది అలంకారమే. కడపను ఇంగ్లీషులో 2005 దాకా ఒక స్పెల్లింగ్‌తో రాశారు, ఆ తర్వాత ఇంకొకటి. 2010 నుంచి వైఎస్సార్ జిల్లా, 2025లో వైఎస్సార్ కడప. ఏది కొట్టినా ఒకే చోటుకు చేర్చాలి. చేరుస్తుందా అన్నది నిమిషంలో తేలే పరీక్ష. తెలుగులో టైపు చేయలేనివాళ్లు మైకు నొక్కి అడుగుతారు. 2017లో గూగుల్ వాయిస్ టైపింగ్ తెలుగుకు వచ్చాక ఆ అలవాటు పెరిగింది. సీమ యాసలో అడిగినప్పుడు అది ఏం విన్నదో కూడా పరీక్షలో రాసుకోవాలి. లింకుల సంగతీ ఇలాంటిదే. వార్త చిరునామాలో తెలుగు అక్షరాలు పెడితే, కాపీ చేసినప్పుడు ఒక్కో అక్షర భాగం తొమ్మిది గుర్తులుగా విచ్చుకుంటుంది. ‘కడప’ ఇరవై ఏడు గుర్తులు, ‘కర్నూలు’ అరవై మూడు. గ్రూపులో పడిన ఆ శాతం గుర్తుల దండకాన్ని చూసి వైరస్ అనుకుని నొక్కనివాళ్లను తప్పుపట్టలేం.

తెలుగు అక్షరమే ఒక పరీక్ష. ఒకప్పుడు పత్రికకో సొంత ఫాంట్ ఉండేది. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఈనాడు తెరిస్తే గజిబిజి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి చూపే పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింత మీద ఆధారపడ్డ తరం ఒకటుంది. తెలుగు రాని మామూలు కీప్యాడ్ ఫోన్లలో కూడా న్యూస్‌హంట్ భారతీయ భాషలను చూపించి తన పాఠకులను సంపాదించుకుంది. తర్వాత అదే డైలీహంట్ అయింది. ఆ రోజులు పోయాయి కాబట్టి చిక్కు తీరిందనుకోకండి. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక రూపంలో వచ్చిపడితే ఐఫోన్లు కుప్పకూలాయి. యాపిల్ ఐఓఎస్ 11.2.6 విడుదల చేసేదాకా ప్రపంచం మొత్తం తెలుగు అక్షరాన్ని చూసి భయపడింది. రోజువారీ సంగతి అంత నాటకీయంగా ఉండదు. ఇంగ్లీషు అక్షరాల కొలతతో వరుసల మధ్య ఎడం పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి. న-ఒత్తు పోయిన కర్నూలు ‘కరూలు’ అవుతుంది. సన్నని బూడిదరంగు అక్షరం ఆఫీసులో ఏసీ కింద ముచ్చటగా ఉంటుంది. నలభై దాటిన ఎండలో, రాయచోటి బస్టాండు బయట, గీతలు పడ్డ స్క్రీన్ మీద ఏమీ ఉండదు. పరీక్షను ఆఫీసు గదిలో పెట్టకూడదనడానికి ఇంతకు మించిన కారణం అక్కర్లేదు.

బరువు సంగతి చాలామంది తప్పుగా ఊహిస్తారు. తెలుగు అక్షర భాగం ఒక్కోటి వెబ్‌లో మూడు బైట్లు తింటుందన్నది నిజమే. అయినా నాలుగు వేల అక్షర భాగాల వార్త పన్నెండు కిలోబైట్లకు మించదు. పేజీని ముంచేది ఫొటోలు, వీడియోలు, ప్రకటనల స్క్రిప్టులు. గూగుల్ 2020లో పెట్టిన కొలతల ప్రకారం ప్రధాన భాగం రెండున్నర సెకన్లలో కనపడాలి, చదువుతుండగా పేజీ ఎగరకూడదు. ఎగరడం అంటే ఏమిటో మనందరికీ అనుభవమే. ‘ఇంకా చదవండి’ మీద వేలు పెట్టేలోపు ప్రకటన దిగి ఆ చోటుకు వస్తుంది. క్లిక్కు ప్రకటనకు పడుతుంది. ఆదాయం వచ్చిందని సంతోషించే యజమాని ముందు ఈ లోపం గురించి మాట్లాడటం కష్టమని తెలుసు. ఊళ్లో వస్త్ర దుకాణం ప్రకటన మీద పొరపాటున పడ్డ వేలు చీర కొనదని ఆ దుకాణదారుకు ఎవరో ఒకరు చెప్పాలి.

బరువు ఒక్కోసారి ప్రాణం మీదికొస్తుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాయి. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కొట్టుకుపోయి పులపత్తూరు, మందపల్లి తల్లడిల్లాయి. అలాంటి పూట కరెంటు ఉండదు, సిగ్నల్ ఒక గీత ఉంటే గొప్ప. 2017లో ఇర్మా తుపానప్పుడు సీఎన్ఎన్, ఎన్‌పీఆర్ ఉత్త అక్షరాల పేజీలను జనం ముందు పెట్టాయి. బొమ్మల్లేవు, వీడియోల్లేవు, కబురు మాత్రం క్షణంలో తెరుచుకుంది. మన జిల్లా సైట్లకు అలాంటి పేజీ ఒకటి ఉండాలని, నెట్ కావాలనే మందగింపజేసి దాన్ని వర్షాకాలానికి ముందే పరీక్షించాలని నేనంటాను. పెద్ద ఖర్చేమీ కాదు.

ఎవరిని కూర్చోబెట్టాలి? 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం, కడపది 67. ఆడవాళ్లలో ఇంకా తక్కువ. ఇంట్లో ఒకే ఫోనుంటే అది కొడుకు చేతిలో ఉంటుంది, తల్లి వార్త ‘వింటుంది’. చదివి వినిపించే బొత్తాం ఉంటే అది ఆమెకు దొరుకుతుందా అన్నది చూడదగ్గ పని. కర్నూలు పాతబస్తీలో, కడపలో ఇంట్లో ఉర్దూ మాట్లాడి బజార్లో తెలుగు చదివే పాఠకులున్నారు. ఆదోని, హొళగుంద వైపు కన్నడం వాళ్లున్నారు. కోసిగి, మంత్రాలయం మండలాల నుంచి మిరపకాయల కోతకు గుంటూరు వలసపోయిన కుటుంబాలకు ఊరి కబురు ఫోన్లోనే అందాలి. వీళ్లలో ఎవరూ ఏజెన్సీ తెచ్చిచ్చే పట్టణ నమూనాలో కనిపించరు. యార్డులో, రేషన్ షాపు దగ్గర, బస్టాండులో మనమే వెళ్లి అడగాలి. పరీక్ష పేరుతో వాళ్ల స్క్రీన్ రికార్డు చేసేటప్పుడు పైన దొర్లే వాట్సాప్ మెసేజీలు కూడా రికార్డవుతాయని ముందే చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. లేదా మన ఫోనే ఇవ్వాలి. మన ఫోనైతే వాళ్ల అలవాటు కనపడదు. ఈ చిక్కుకు శుభ్రమైన జవాబు లేదు. నేనైతే వాళ్ల ఫోనే వాడనిచ్చి, రికార్డింగ్ మానేసి, కాగితం మీద రాసుకుంటాను.

ఖర్చు సాకు నిలవదు. వాడుక పరీక్షల మీద స్టీవ్ క్రుగ్ చిన్న సంస్థలకిచ్చిన సలహా నెలకొక ఉదయం, ముగ్గురు మనుషులు. ఇద్దరు ముగ్గురితో నడిచే కడప సైటుకు కూడా అది భారం కాదు. కూర్చున్నవాళ్లకు ఆ పూట కూలి కట్టివ్వాలి. టీ తాగించి పంపడం మర్యాద అనిపించుకోదు. అసలు ఖర్చు వేరేచోట ఉంది. రాసిన సబ్ ఎడిటర్, పేజీ కట్టిన కుర్రాడు, ప్రకటనలు తెచ్చే మేనేజరు ముగ్గురూ ఆ ఉదయం పక్కన కూర్చుని చూడాలి. నివేదిక రాసిస్తే చదవరు. తాము పెట్టిన హెడ్డింగ్ చదివి ఒక మనిషి తప్పు ఊరికి వెళ్లిపోవడం కళ్లారా చూస్తే ఆ సాయంత్రమే మారుస్తారు.

కువైట్ పాఠకుల పరీక్ష ఒక్కటే ఇంకా తేలని లెక్క. రాయచోటి, రాజంపేట వైపు నుంచి అక్కడికి పోయినవాళ్లు ఎంతోమంది, ఊరి సైట్లను వదలక చదివేదీ వాళ్లే. వాళ్లకు ఖాళీ దొరికేది శుక్రవారం. వీడియో కాల్‌లో స్క్రీన్ పంచుకోమంటే అక్కడి యజమాని ఇంట్లో అది కుదరకపోవచ్చు. సెలవుల్లో ఊరికొచ్చినప్పుడు పట్టుకుని కూర్చోబెడదామంటే, అప్పటికి వాళ్లకు సైటుతో పనుండదు.